నా వాటా గజమున్నర రోడ్డు

దేవుడి మీద తప్ప మరి దేని మీదా అనుమానం లేని వయసు ఒకటి ఉంటుంది. ఆ రోజుల్లో నేనూ, నా స్నేహితులూ ఆ వయసులో ఉండేవాళ్లం. స్వరాజ్యం వచ్చి పుష్కరం దాటింది. దేశంలో ఇంకా మిగిలి ఉన్న చీకటినంతా మేం నలుగురం కలిసి మరో రెండు మూడేళ్లలో ఊడ్చేస్తామని గట్టి నమ్మకం. నెల్లూరులో ఒక కాఫీ హోటలు మిద్దె మీద ప్రతి ఆదివారం సాయంత్రం చేరి జాతకాలనూ, దిష్టినీ, ముహూర్తాలనూ, మొక్కుబడులనూ చీల్చి చెండాడేవాళ్లం. (ఎదుటిపక్షం దొరకని వారాల్లో మాలోనే ఒకణ్ణి వంతులవారీగా ఆస్తికుడిగా నియమించుకొనేవాళ్లం. ఆ వంతు వచ్చినవాడు గెలవకూడదని నియమం.) అలా ఏ వారానికావారం గెలుస్తూ ఉండడం వల్ల నాకొక దురలవాటు పట్టుకుంది. ఎదుటివాడు నోరు తెరవగానే వాడికి తెలియనిదేమిటో నాకు తెలిసిపోయేది. వాడికి తెలిసిందేమిటో వినే తీరిక మాత్రం ఉండేది కాదు.

అటువంటి నాకు పంచాయతీ సమితిలో గ్రామసేవకుడి ఉద్యోగం వచ్చింది. జీతం చిన్నది, సైకిలు సొంతది, ఊళ్లు ఏడు. ఆ ఏడింటిలో చివరిది ముత్తుకూరుకు అవతల, సముద్రానికి ఇవతల ఉన్న చేపలు పట్టి బతికే పట్టపువారి పల్లె. నేను వెంకటాచలం వైపు మాగాణి రైతు బిడ్డను. చేపల పులుసు పెడితే లొట్టలు వేసేవాణ్ణే గాని, ఎండుచేప వాసన తగిలితే మాత్రం మొహం చిట్లించుకొనేవాణ్ణి. (మనుషులంతా సమానమేనని ఉపన్యసించేటప్పుడు గాలి ఏ వైపు నుంచి వీస్తున్నదో చూసుకొని నిలబడేవాణ్ణి.) ఆ పల్లెకు దారి లేదు. పెద్ద బాట నుంచి రెండు మైళ్లు ఇసక. ఆ ఇసకలో ఆడవాళ్లు తడిచేపల గంపలు నెత్తిన పెట్టుకొని తెల్లవారేసరికి సంతకు చేరాలి. దారి మధ్యలో ఒక ఉప్పుకాలవ. ఎండాకాలం చీలమండల లోతు, వానాకాలం మెడ లోతు. నేను వెళ్లడానికి ముందు సంవత్సరం కార్తీకమాసపు ముసురులో, నొప్పులు పడుతున్న ఒక పిల్లను వలలో పడుకోబెట్టి నలుగురు మగవాళ్లు తలల మీదికెత్తుకొని ఆ కాలవ దాటించారట. ఆసుపత్రి ఇంకా ఆరు మైళ్లుండగానే, కాలవ గట్టు మీదే బిడ్డ పుట్టాడు. తల్లీ బిడ్డా బతికారు. అది వాళ్ల ధైర్యం. మళ్లీ అంత ధైర్యం చూపించే అవసరం ఆ ఊరికి రాకూడదని నేను పట్టుబట్టాను. ఈ ఒక్క విషయంలో ఇప్పటికీ అప్పటి నాలోని కుర్రవాణ్ణి నేను తప్పు పట్టను.

పల్లెబాటలకు సర్కారు డబ్బు ఇస్తున్న కాలమది. దాని పద్ధతి ఇలా ఉండేది: సగం సర్కారు, సగం ఊరు. ఊరు తన సగాన్ని రొక్కంగా ఇవ్వలేకపోతే ఒళ్లు వంచి ఇవ్వవచ్చు. దానికి శ్రమదానమని పేరు. సర్కారు సగం కూడా ఒక్కసారిగా రాదు. మొదటి విడత ఇసక మీద ఎర్ర గరుసు పరిచి దిమ్మిస కొట్టడానికి. రెండో విడత ఆ ఉప్పుకాలవ మీద తూము కట్టడానికి. మొదటి విడతతో వేసిన రోడ్డు మీద నెల్లూరు నుంచి పెద్ద ఇంజనీరుగారు జీపులో వచ్చి, ఈ కొస నుంచి ఆ కొస దాకా ప్రయాణించి, బాగున్నదని రాస్తే గాని రెండో విడత కదలదు. అది మార్చి నెలాఖరులోపల జరగాలి. దాటితే ఆ డబ్బు వేరే ఊరికి పోతుంది. తూము లేని రోడ్డు మొదటి ముసురుకే కాలవలో కలిసిపోతుంది. ఇదంతా నాకు కంఠతా వచ్చు. కాని ఈ విడతల సంగతి పల్లెలో ఎవరికీ చెప్పలేదు. చేపలు పట్టేవాళ్లకు ఫైళ్ల భాష ఏమర్థమవుతుందని నా ఉద్దేశం.

శ్రమదానానికి మొదట ఎవరూ కదలలేదు. ఊరి కట్టుబాట్లు చూసే పెద్దమనిషిని ఆ పల్లెల్లో పెద్దకాపు అంటారు. ఆయన బీడీ ఆర్పకుండానే నా మాటలన్నీ విని, "మేం పొయ్యే దోవ తూరుపుకు గదయ్యా. దానికి గరుసు పొయ్యబళ్లేదు" అన్నాడు. నేను ఊరుకుంటానా? ఆ సాయంత్రం పడవల పక్కన ఊరందరినీ పోగుచేసి, ఒక బోర్లించిన తెప్ప ఎక్కి, నా ఆదివారాల అనుభవమంతా రంగరించి మాట్లాడాను. చివర్లో గొంతు పెంచి, "ఈ రోడ్డు దేవుడిచ్చేది కాదు! సర్కారు ఇచ్చేదీ కాదు! మీ చేతులు తెచ్చేది! ఎవరి చెయ్యి పడితే వాళ్లది ఈ రోడ్డు!" అన్నాను. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ముందు వరసలో కూర్చున్న ఒక ముసలమ్మ, "ఇంకో తూరి చెప్పబ్బయా, ఆ కడా మాట" అంది. అంతకంటే గౌరవం ఏ వక్తకైనా ఏముంటుంది? మరింత గట్టిగా చెప్పాను. ఆ రోజు నుంచి నాకు మీటింగయ్య అని పేరు పడింది.

ఆ ముసలమ్మను ఊరంతా కుప్పలవ్వ అనేది. కారణం ఇదీ: ఆ తీరంలో ఒడ్డు నుంచి లాగే పెద్ద వల ఉంటుంది. దాని తాడు లాగడానికి ఊరంతా కావాలి. తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాడికీ చేపల్లో పాలు ఉంటుంది. పాలంటే వాటా. ముసలివాడు లాగినట్టు నటించినా సరే, చెయ్యి పడింది గనక పాలు. మగదిక్కు లేని ఇంటికి ఒక పాలు. అమ్మవారికి ఒక పాలు. ఒడ్డున పడిన చేపలను చేత్తో ఎత్తి ఇసక మీద కుప్పలు పెట్టేది ఈ అవ్వ. ఎన్ని కుప్పలు పెట్టినా ఒకదానికంటే ఒకటి పిడికెడు ఎక్కువ గాని తక్కువ గాని ఉండేది కాదట. ఆమె పెట్టిన పాలు మీద తగువు పడ్డవాడు ఊళ్లో లేడు. ఆ గట్టు మీద పుట్టిన పిల్లవాడు ఈమె మనవడే. ఈ సంగతులన్నీ నేను తర్వాత తెలుసుకున్నాను. ముందే తెలుసుకుని ఉంటే ఆ తెప్ప మీద నిలబడి ఏ వాక్యమైనా చెప్పి ఉండేవాణ్ణి గాని, ఆ వాక్యం చెప్పి ఉండేవాణ్ణి కాదు.

మర్నాడు పొద్దున చూస్తే ఊరికి ఊరే గంపలతో వచ్చి నిలబడింది. మంచాన ఉన్న ముసలివాళ్లను కూడా మోసుకొచ్చి, వాళ్ల చేత తలా గుప్పెడు గరుసు వేయించి మళ్లీ మోసుకుపోయారు. చంకలోని బిడ్డల చేతులు పట్టుకొని గంపలకు తాకించిన తల్లులున్నారు. నాకు కళ్లు చెమర్చాయి. (ఒక మంచి ఉపన్యాసం సమాజాన్ని ఎలా కదిలిస్తుందో వర్ణిస్తూ ఆ రాత్రి మా మిద్దె మిత్రులకు ఆరు పేజీల ఉత్తరం రాశాను. ఆ ఉత్తరం ఇప్పుడు ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి చించివేయవలసిందిగా ప్రార్థన.) నేను కూడా ఆదర్శంగా ఉండాలని కండువా తలకు చుట్టి ఒక గంప ఎత్తుకున్నాను. పది అడుగులు వేసేసరికి మెడ వంకరపోయింది. సగం గరుసు నా చొక్కాలో పడింది, మిగతా సగం కాలవ ఒడ్డున పడింది. కుప్పలవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. "చాల్లే అబ్బయా, చెయ్యి పడింది గదా" అంది. ఎంత ఓదార్పుగా అన్నదో అనుకున్నాను.

నెల తిరక్కుండా రోడ్డు పూర్తయింది. వల లాగేటప్పటి కేకలు పెడుతూ, వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ వాళ్లు గరుసు మోసిన తీరు మా సమితిలో ఎవరూ చూసి ఎరగరు. దిమ్మిస కొట్టిన ఆ ఎర్రబాట మీద గోళీ వేస్తే గోళీ దొర్లుతుంది. సమితి ఓవర్సీరు ఒకాయన ఉండేవాడు, ఎప్పుడూ మెడలో కొలతల టేపు వేసుకొని తిరిగేవాడు గనక ఆయన్ను టేపుగారనేవాళ్లం. ఆయన సైతం, "ఏమయ్యా, నీ నోరు మంచిదే" అని ఒప్పుకున్నాడు. పెద్ద ఇంజనీరుగారు మార్చి నెల చివరి వారంలో వస్తున్నారని కబురొచ్చింది. నేను పది రోజులు శిక్షణకని నెల్లూరు వెళ్లి, ఆయన రాకకు ముందు రోజు మధ్యాహ్నం టేపుగారితో కలిసి సైకిళ్ల మీద తిరిగొచ్చాను.

పెద్ద బాట నుంచి మా రోడ్డులోకి మలుపు తిరగగానే కళ్లు చెదిరాయి. ఎర్రగా ఉండవలసిన రోడ్డు వెండిలా మెరుస్తున్నది. గాలి మా వైపే వీస్తున్నది గనక కారణం ఊహించడానికి ఎక్కువ సేపు పట్టలేదు. రెండు మైళ్ల పొడుగునా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, అడుగు పెట్టడానికి సందు లేకుండా నెత్తళ్లనే వేలెడు చేపలు ఆరబోశారు. ఒక ఇంటి నెత్తళ్లకూ మరో ఇంటి నెత్తళ్లకూ మధ్య తెల్లటి గవ్వలు, ఆలుచిప్పలు వరసగా పేర్చి హద్దులు పెట్టారు. నేను ప్రాణం పెట్టి వేయించిన రోడ్డు పక్కన, పాత ఇసకలో, సైకిలు భుజాన వేసుకొని నడిచాను. వెనకాల టేపుగారు తన సైకిలు మోస్తూ, నా ఉపన్యాసకళ మీద అంతకు ముందు ఇచ్చిన అభిప్రాయాన్ని వెనక్కి తీసుకున్నాడు.

కాలవ దాటాక కుప్పలవ్వ కనబడింది. నలుగురైదుగురు ఆడవాళ్లతో కూర్చుని తాటాకు చీపురుతో చేపలను తిరగేస్తున్నది.

"ఏంటవ్వా ఇది?" అన్నాను, సైకిలు దించి రొప్పుతూ.

"నెత్తళ్లబ్బయా. కనపళ్లా? ఈ తూరి బంగారం మాదిరి పడినాయి."

"అది సరే. రోడ్డు మీద ఎందుకు పోశారు?"

"రోడ్డు మీద గాకపోతే నీ నెత్తిన పొయ్యాల్నా? ఇసకలో ఎండేసిన చేప నోట్లో కరకరమంటాది. ఇసకుందని నాయుడుపేట యాపారి సగానికి సగం తగ్గిస్తాడు. ఈడ చూడు, ఒక్క రేణువు అంటితే ఒట్టు."

"అవ్వా, ఇది సర్కారు రోడ్డు!"

అవ్వ చీపురు కింద పెట్టింది. "సర్కారుదా? ఆ పొద్దు తెప్పెక్కి నువ్వేం చెప్పినావు? దేవుడిచ్చేది గాదు, సర్కారు ఇచ్చేది గాదు, ఎవురి చెయ్యి పడితే వాళ్లది అని అరిచినావా లేదా? మే, అరిచినాడా లేదా?"

"అరిచినాడు" అన్నారు ఆడవాళ్లంతా.

"రెండు తూర్లు అరిచినాడు" అంది వాళ్లలో ఒకావిడ, సాక్ష్యంలో లోపం ఉండకూడదన్నట్టు.

"అట్నే చెయ్యి పడినోళ్లందరికీ పాలు పెట్టినా. కర్ర తీసుకొని నేనే కొలిచినా. ఎవురికన్నా తక్కువ వొచ్చిందంటే ఇప్పుడే చెప్పమను" అంది అవ్వ. ఎవరూ చెప్పలేదు. నాకు అప్పుడు గాని ఆ మంచాల మీది ముసలివాళ్లూ, చంకలోని బిడ్డలూ అర్థం కాలేదు.

సరే, వాదంలోకి దిగాను. వాదం నా వృత్తి. రోడ్డంటే ప్రయాణానికనీ, ప్రయాణమంటే నాగరికతకనీ, రేపు ఒక పెద్ద అధికారి జీపులో వస్తున్నాడనీ చెప్పాను. అవ్వ శ్రద్ధగా విని, "జీపు ఎన్నాళ్లకొక తూరి వొస్తాది?" అంది. సంవత్సరానికి ఒకసారి వస్తే గొప్పే అన్నాను. "చేపలు?" అంది. "రోజూ" అని తనే జవాబు చెప్పి, "మరి రోడ్డు ఎవురికి పనికొస్తాండాదో నువ్వే చెప్పు, చదువుకున్నోడివి" అంది. మా మిద్దె మీద ఏ ఆస్తికుడూ నన్ను ఇంత తక్కువ మాటల్లో పడగొట్టలేదు. (గెలవకూడదనే నియమం అవ్వకు ఎవరూ చెప్పలేదు.)

టేపుగారు నన్ను పక్కకు లాగాడు. "ఇదంతా గంట పని. ఎండుచేపలు రోడ్డు మీద పోస్తే అమ్మవారు ఆగ్రహిస్తుందని ఒక్క మాట చెప్పు. కలలో కనబడిందను. పరుగెత్తుకొచ్చి ఎత్తేస్తారు" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నేను! అమ్మవారు! కల! ఆ మిద్దె, ఆ ఆదివారాలు, నేను రాసిన 'మొక్కులు – మోసాలు' అనే వ్యాసం, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. కాని వాటి వెనకాలే ఆ మెడలోతు కాలవ కూడా తిరిగింది. రేపు జీపు రాకపోతే తూము రాదు. తూము రాకపోతే కార్తీకంలో మళ్లీ ఎవరి కోడలో, ఏ వలలోనో. ఒక అబద్ధం ఎక్కువా, ఒక తూము ఎక్కువా? పావుగంట సేపు ఇసకలో అటూ ఇటూ తిరిగాను. చివరికి తూమే గెలిచింది. నా జీవితంలో మొదటిసారీ, ఆఖరిసారీ, నేను అమ్మవారి తరఫున మాట్లాడడానికి అవ్వ ముందుకు వెళ్లి నిలబడ్డాను.

"అవ్వా, రాత్రి నాకొక కలొచ్చింది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "అమ్మవారు కనబడింది. నా దారిలో చేపలు పోశారని కోపంగా ఉంది."

అవ్వ నన్ను జ్వరం తగిలిన పిల్లవాణ్ణి చూసినట్టు చూసింది.

"అమ్మోరికెందుకు కోపం? ఆ కడాన ఏపచెట్టు కాడ అమ్మోరి పాలు అమ్మోరికి పెట్టినాం గదా. మా పాల మీద ఆమెకేం పని? ఆమేమన్నా గవుర్మెంటా?" అంది. ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. "అయినా ఆమె కాళ్లతో నడిచి వొచ్చేది. చేపలు ఆడుంటే పక్కన తప్పుకొని పోతాది. తప్పుకోడం రానిది మీ జీపుకే." తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు గూడానా అబ్బయా? కల్లలాడే మొకమా నీది? చెవులు చూడు, ఎట్ట ఎర్రబడినాయో. ఏం గావాల్నో తిన్నగా చెప్పు" అంది.

అప్పుడు చెప్పాను. తలవంచుకొని, ఉపన్యాసం లేకుండా, విడతల సంగతంతా చెప్పాను. జీపు ఆ కొస దాకా పోతేనే ఇంజనీరు రాస్తాడని, రాస్తేనే తూము డబ్బు వస్తుందని, నాలుగు రోజులు దాటితే ఆ డబ్బు ఇంకెవరికో పోతుందని. బీడీతో వచ్చి ఎప్పుడు నిలబడ్డాడో, పెద్దకాపు కూడా విన్నాడు. ఆయన బీడీ పారేశాడు.

"ఈ మాట ముందే చెప్పుంటే ఏం బోయింది?" అంది అవ్వ. ఆ గొంతులో ఇప్పుడు నవ్వు లేదు. "కాలవలో నా కోడల్ని మోసినోళ్లం మేం. తూము అంటే ఏందో మాకు చెప్పాల్నా?"

ఈ యాభై ఏళ్లలో ఎన్నో పత్రికల్లో ఎన్నో ప్రశ్నలకు జవాబులు రాశాను గాని, ఆ ప్రశ్నకు ఇప్పటికీ రాయలేదు.

రేపు జీపుకు దోవ వదలాలని పెద్దకాపు అక్కడికక్కడే దురాయి వేశాడు. (దురాయి అంటే ఆ పల్లెల్లో కాపు వేసే కట్టడి. సర్కారు చట్టం మీరినవాళ్లను చూశాను గాని, దురాయి మీరినవాణ్ణి నేను చూడలేదు.) కాని చిక్కొకటి వచ్చింది. నెత్తళ్లు సగమే ఎండాయి. పోగు చేస్తే తెల్లారేసరికి పాడవుతాయి, ఇసకలో వేస్తే ధర పడిపోతుంది. అందరూ అవ్వ వైపు చూశారు. అవ్వ టేపుగారి వైపు చూసింది. "జీపు చక్రానికీ చక్రానికీ నడమ ఎంత దూరముంటాది?" టేపుగారు మెడలో టేపు సవరించుకొని, తెలియదన్నాడు. "పని మొదలు పెట్టిన పొద్దు మీ ఆపీసరు వొచ్చినాడే, ఆ జీపు నా పక్కనే నిలబడె. నా మూరతో మూడు" అని, అవ్వ మూడు మూరలు కొలిచి రెండు గీతలు గీసింది. చీకటి పడేలోపల ఊరి ఆడవాళ్లంతా చీపుర్లు పట్టుకొని ఆ కొలత ప్రకారం రెండు మైళ్ల పొడుగునా, రైలు పట్టాల మాదిరి, రెండు ఎర్రటి చాళ్లు తీశారు. చాళ్ల మధ్యా, చాళ్లకు అటూ ఇటూ నెత్తళ్లు నిశ్చింతగా పడుకున్నాయి.

మర్నాడు పదింటికి జీపు వచ్చింది. పెద్ద ఇంజనీరుగారు పొడుగాటి మనిషి, జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకొని ముందు సీట్లో కూర్చున్నారు. నేనూ, టేపుగారూ వెనకాల. డ్రైవరు ఆ చాళ్ల మీద, తీగ మీద నడిచే దొమ్మరవాడిలా ఊపిరి బిగపట్టి పోనిస్తున్నాడు. అవ్వ మూర ఒక్క అంగుళం తప్పలేదు. అరమైలు పోయాక ఇంజనీరుగారు జీపు ఆపించి దిగారు. "ఏమిటిది?" అన్నారు. నేను నోరు తెరిచాను. ఏ అంశం మీదైనా అరగంట మాట్లాడగల నాకు ఆ అంశం మీద ఒక్క మాట రాలేదు. పక్కన చీపురుతో నిలబడ్డ అవ్వే జవాబిచ్చింది: "మా రోడ్డయ్యా. మీ జీపుకు దోవ ఇచ్చినాం."

ఇంజనీరుగారు నవ్వలేదు, కోప్పడలేదు. వంగి ఒక నెత్తలి తీసుకొని, అటూ ఇటూ తిప్పి, గోటితో గీకి చూశారు. ఇంకో చోట ఇంకొకటి తీశారు. కాలవ దాకా అలా నాలుగైదు చోట్ల దిగి చేపల్ని పరీక్షించారు. చివరికి రుమాలు తీసేసి, "ఒక్క చేపకూ మట్టి అంటలేదు. ఇంతకంటే గట్టిగా దిమ్మిస పడిన రోడ్డు ఈ జిల్లాలో నేను చూడలేదు" అన్నారు. టేపుగారి మొహం చూడాలి. పాతికేళ్ల సర్వీసులో ఆయన టేపుకు రాని గౌరవం ఒక నెత్తలికి వచ్చింది. ఇంజనీరుగారు జీపు బానెట్ మీద కాగితం పెట్టుకొని రాసిన వాక్యం నేను భుజం మీదుగా చదివాను: 'రోడ్డు ప్రజల నిత్యోపయోగంలో ఉన్నది.' మా శాఖలో అంతకంటే నిజమైన వాక్యం ఎవరూ రాసి ఉండరు.

ఒక్క అపశ్రుతి మాత్రం జరిగింది. కాలవలోకి దిగే చోట డ్రైవరు కొంచెం పక్కకు తిప్పేసరికి వెనక చక్రం చాలు దాటి అటు పక్క నెత్తళ్లను నలిపేసింది. గట్టు మీది జనమంతా హాహాకారాలు చేశారు. "ఎవురి పాలు? ఎవురి పాలు తొక్కినారు?" అని ఒకటే కేకలు. ఇంజనీరుగారు కూడా కంగారుపడి జేబులో చెయ్యి పెట్టారు. అవ్వ పరుగున వచ్చి గవ్వల హద్దు చూసి, చెయ్యి ఊపింది. "ఏం లేదు, పోనీండి, పోనీండి. మీటింగయ్య పాలే."

"నా పాలా?" అన్నాను జీపులోంచి.

"నీదే. ఆ పొద్దు గంపెత్తినావు గదా. గజమున్నర పెట్టినా. ఊళ్లో లేవు గదా, నీ నెత్తళ్లు గూడా నేనే ఎండేసినా" అంది అవ్వ.

తూము ఆ వానలకు ముందే వచ్చింది. నేను ఆ ఉద్యోగంలో మరో ఏడాదే ఉన్నాను. ఆ తర్వాత నా నోటికీ, సర్కారు క్రమశిక్షణకూ పొసగక, కలం పట్టుకొని బతికాను. ఆస్తిహక్కు మీద, దేవుడి మీద, సమానత్వం మీద చాలా రాశాను. నా ప్రత్యర్థులు నన్ను నిప్పు అన్నారు, నేనూ కాదనలేదు. అవ్వ బతికున్నన్నాళ్లూ ఏటా ఒకసారి ఎవరో ఒకరి చేతికిచ్చి తాటాకు బుట్టలో ఎండు నెత్తళ్లు పంపేది. మా ఆవిడ ముక్కు మూసుకొని తీసుకునేది. నేను తినడం నేర్చుకున్నాను. (సిద్ధాంతరీత్యా ఇది కౌలు తినడమే. భూస్వాముల మీద నేను రాసిన వ్యాసాల్లో ఈ సంగతి ఎక్కడా ఒప్పుకోలేదు.) ఒక ఏడు బుట్ట రాలేదు. రాకపోవడమే కబురు.

చాలా ఏళ్ల తర్వాత ముత్తుకూరులో ఒక సభకు పిలిస్తే వెళ్లాను. మనుషులు మారరని ఎవరో అంటే, మారతారని ఒక గంట సేపు మండిపడి, మధ్యాహ్నం కారులో ఆ పల్లె వైపు బయలుదేరాను. పెద్ద బాట మీద లారీలు బారులు తీరి ఉన్నాయి. మా రోడ్డు తారురోడ్డు అయింది. తారు నలుపు మీద నెత్తళ్లు ఇంకా బాగా మెరుస్తున్నాయి. బండ్లు పోవడానికి ఒక పక్క దారి వదిలి, రెండో పక్కంతా ఆరబోశారు. గవ్వల బదులు ఇటుక ముక్కలు హద్దులు. తూము దగ్గర కారు ఆపించి దిగాను. ముప్పయ్యేళ్ల మనిషి ఒకావిడ చేపలు తిరగేస్తున్నది.

"ఈ పాలు ఎవరిదమ్మా?" అన్నాను.

"ఇదా? మీటింగయ్యదంట" అంది తలెత్తకుండా. "మాది ఆ పక్కది. ఇది ఆయనదని మా జేజి కుప్పలవ్వ చెప్పి పోయింది. ఆయన రాడు గదా అని మేమే ఎండేసుకుంటాం. ఎవురో మాకూ తెలీదు. రోడ్డేసేటప్పుడు గంపెడు మట్టి మోసినాడంట."

"ఒక్క గంపకే గజమున్నరా?"

"అదే గదా! గంపెడు గూడా కాదంట సార్. సగం చొక్కాలోనే బోసుకున్నాడంట" అని ఆమె నవ్వింది. "అయినా ఇచ్చినారు. చెయ్యి పడింది గదా."

నేనెవరో చెప్పలేదు. చెబితే పాలు అడగడానికి వచ్చాననుకొని ఆ ఎండలో ఆ చేపలన్నీ ఎత్తుతుందేమోనని భయం. పైగా, ఆ సగం గంప కుర్రవాడి గురించి ఇంతకంటే న్యాయంగా నేను కూడా చెప్పలేను. చెప్పులు చేత్తో పట్టుకొని, నా యావదాస్తిని తొక్కకుండా పక్కకు తప్పుకొని, ఇసకలో దిగి నడిచాను. అమ్మవారైనా అంతే చేస్తుందని అవ్వ అప్పుడే చెప్పింది.